యంత్రములో మన అక్షరము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథాలయము పుట్టుపూర్వోత్తరములను, దాతల ఔదార్యమును కొనియాడుట పరిపాటి. ఆ పనిని నాకంటె అర్హులైన వారు ఇంతకు ముందే చక్కగా నెరవేర్చిరి. నాకు ఒప్పగింపబడిన విషయము వేరు. కంప్యూటరులోనికి, చేతిలోని ఫోనులోనికి తెలుగు అక్షరము ఎట్లు చేరినది, చేరిన పిదప దాని స్థితి యేమి, అందు మన పల్లెటూరి గ్రంథాలయము చేయదగిన పని కలదా, యను మూడు ప్రశ్నలను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరిరి. ఇది పట్టణములలోని ఇంజనీరుల పని కదా, మనకేల యని మీలో కొందరికి తోచవచ్చును. పంటకు విత్తన మెట్టిదో గ్రంథాలయమునకు అక్షరము అట్టిది. విత్తనము చెడినదా లేదా యని చూచుకొనుట రైతు పనియే గాని అంగడివాని పని కాదు.

ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఈ గ్రంథాలయపు తలుపులు తెరచిననాడు, బజారున క్రొత్తగా కొన్న కంప్యూటరులో తెలుగు అక్షరము దానంతట అది వచ్చెడిది కాదు. నేడు పొలము గట్టుమీద కూర్చున్న రైతు "పదునైనది, గొర్రు పంపు" అని తన ఫోనులో తెలుగుననే వ్రాసి పంపుచున్నాడు. ఈ రెంటి నడుమ జరిగిన కథ ఇంచుమించు మన గ్రంథాలయము వయస్సు గల కథ. అందుచేత ఈ సభలో దానిని ముచ్చటించుట అసందర్భము కాదని నా నమ్మకము.

అక్షరమునకు ఆధారము కాలమునుబట్టి మారుచు వచ్చినది. మన పొరుగున కడప జిల్లాలోని కలమళ్ళలో రేనాటి చోడుడగు ధనంజయుని శాసనము కలదు. అది సుమారు క్రీ.శ. 575 నాటిది, మనకు లభించిన తెలుగు శాసనములలో తొలిదిగా దానిని ఎన్నుదురు. అక్కడ అక్షరమునకు ఆధారము రాయి. తరువాత తాటాకు వచ్చినది. కదిరికి చేరువనున్న కటారుపల్లెలో వేమన సమాధి గలదని మీరందరు నెరుగుదురు. 2022లో మన జిల్లా రెండుగా చీలిన పిదప కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, వేమన మనవాడు కాకపోలేదు. ఆయన పద్యములు జనుల నోళ్ళలోను తాటాకులలోను చెదరియుండగా, సి. పి. బ్రౌను దొర ప్రతులను సేకరించి, పండితులచేత సరిచూపించి, 1829లో అచ్చొత్తించెను. కడపలో తన బంగళాలో వ్రాయసకాండ్రకు జీతములిచ్చి అనేక కావ్యములకు ప్రతులు వ్రాయించెను. గ్రంథము బ్రతుకుటయనగా ప్రతి యెత్తబడుటయే. ప్రతి యెత్తువారు లేని గ్రంథమును చెదలు చదువును.

తాటాకు పిమ్మట సీసపు అచ్చులు వచ్చెను. ఇంగ్లీషునకు చిన్నవి, పెద్దవి కలిపి 52 అక్షరములు చాలగా, తెలుగు కంపోజిటరు గుణింతములకు, వత్తులకు వేరువేరుగా వందలకొలది గడులుగల పెట్టెల ముందు నిలువబడవలసి వచ్చెను. అయినను ఆ వడుపు అబ్బినవారు చీకటిలో సైతము తడిమి అచ్చును తీయగలిగిరి. ఇప్పుడు ఆ పెట్టెలు పోయినవి. వాని స్థానమున కంప్యూటరు నిలిచినది. దీనిలో అక్షరమునకు ఆధారమేమి? ఆధారము అంకె.

కంప్యూటరునకు అక్షరమనునది తెలియదు. అంకెలు మాత్రమే తెలియును. అందుచేత ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య నియమింపవలెను. నేడు ప్రపంచమంతయు ఒప్పుకొన్న పద్ధతికి యూనికోడ్ అని పేరు. దానిలో మన తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 గదులు కేటాయింపబడినవి. 'అ' సంఖ్య 3077. 'క' సంఖ్య 3093. 'ర' 3120, 'ఱ' 3121. మన గదులు ముగియగానే 3200 నుండి కన్నడము మొదలగును. సరిహద్దున నున్న మనకు దేశపటములో కన్నడము ఎట్లు ప్రక్కయింటిదో, యంత్రములోను అట్లే ప్రక్కయింటిదైనది. పైగా తెలుగు 'క'కు 128 కలిపినచో వచ్చు 3221 కన్నడ 'క' అగును. ఇది కాకతాళీయము కాదు. భారతీయ లిపులన్నిటిని ఒకే వరుసలో కూర్చి మన దేశమువారు 1988లో సిద్ధపరచిన ఇస్కీ అను ప్రమాణమును అనుసరించి యూనికోడువారు మన లిపుల గదులను అమర్చిరి. ఆ వరుస మన అక్షరమాల వరుసయే.

ఇక గుణింతముల సంగతి. 'జ్ఞా' యని మనము పలుకుట ఒక్క అక్షరముగా పలుకుదుము. యంత్రమున అది నాలుగు సంఖ్యల వరుస: జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘము 3134. ఈ నాలుగింటిని చూచి, "ఇవి కలిసినచో ఇట్టి రూపము కావలెను" అని తెలిసికొని, జకారము క్రింద ఞకారపు వత్తును చేర్చి, పైన దీర్ఘమును కూర్చి బొమ్మ గీయవలసిన బాధ్యత సాఫ్ట్‌వేరుది. అక్షరము సంఖ్య వేరు, అక్షరము రూపము వేరు. సంఖ్య అందరికిని ఒక్కటే. రూపమునిచ్చునది ఫాంటు. ఈ భేదమును మనసున నుంచుకొన్నచో తక్కిన కథయంతయు సులభముగా బోధపడును.

మొదటి రోజులలో ఈ భేదమును పాటించు వీలు లేకపోయినది. 1980, 1990 దశకములలో అచ్చుపని కంప్యూటరునకు మారినప్పుడు, తెలుగు కూర్పు సాఫ్ట్‌వేరు తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరములకై యున్న గదులలోనే తెలుగు బొమ్మలను నింపిరి. ఇంగ్లీషు 'ఎ' ఉండవలసిన చోట ఒకరు ఒక గుణింతమును, మరియొకరు మరియొక వత్తును నిలిపిరి. కాగితముపై అందముగా అచ్చుపడెను. పత్రికలు, పుస్తకములు, పెండ్లిపత్రికలు లక్షలకొలదిగా వెలువడెను. ఆ మేలును మనము మరువరాదు. కాని ఒకరి ఫాంటులో కూర్చినది మరియొకరి యంత్రమున తెరచినచో తెలుగు కానరాదు. అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును.

మన సీమవారికి దీనిని బోరుబావుల ఉపమానముతో చెప్పవచ్చును. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేల మనది. బుక్కరాయసముద్రము, బుక్కపట్నము వంటి చెరువులను పూర్వులు ఊరందరికై కట్టిరి. తరువాత ఎవరి పొలములో వారు బోరు వేసికొనిరి. బోరు ఎండిననాడు దానిక్రింది తోట ఎండెను. ఆ పాత ఫాంట్లు అట్టి బోరులు. యూనికోడ్ ఊరి చెరువు వంటిది.

మన గ్రంథాలయపు తొలి పుస్తకముల పట్టికయే దీనికి నిదర్శనము. స్థాపించిన తొలి దినములలో కార్యవర్గమువారు ఆ పట్టికను పట్టణమున ఒకచోట కంప్యూటరుమీద కూర్పించి, అచ్చుప్రతిని గోడకు తగిలించిరి. మూలపు ఫైలును భద్రముగా దాచిరి. నేడు దానిని తెరచినచో పుస్తకము పేరు లేదు, గ్రంథకర్త పేరు లేదు; చుక్కలు, గీతలు, ఇంగ్లీషు అక్షరములు మాత్రమే కలవు. గోడమీది కాగితము పచ్చబడి చిరిగినది. కార్యవర్గమువారు చేసిన లోపమేమియు లేదు; ఆనాడు అందరును అట్లే చేసిరి. అయినను ఫలితమేమి? ఎవరు ఏ పుస్తకమును దానమిచ్చిరో తెలుపు ఆ తొలి జాబితా నేడు ఆ చిరిగిన కాగితమునందును, వృద్ధుల జ్ఞాపకమునందును మాత్రమే మిగిలినది.

ఈ స్థితి ఎట్లు మారినది? యూనికోడ్ తొలి కూర్పు 1991లో వెలువడినప్పుడే అందు తెలుగు చోటు సంపాదించెను. కాని గదులు కేటాయించిన మాత్రమున కాపురము సాగదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను ఫాంటు చేరి, సామాన్యుల కంప్యూటరులలో యూనికోడు తెలుగు కనబడుట మొదలైనది. ఆ వెనుకను ముందును స్వచ్ఛందముగా పాటుపడినవారు పలువురు. 1990 దశకములో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున నుండిన తెలుగువారు, ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయుటకు ఒక పద్ధతిని ఏర్పరచిరి. దానికి ఆర్‌టీఎస్ అని పేరు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన యను పేర్లతో ఫాంట్లు చేసి ఉచితముగా పంచిరి. మన వేమన పేరు ఆ విధముగా యంత్రమున కెక్కినది. వెన్న నాగార్జునగారు పాత ఫాంట్లలోని వ్రాతను యూనికోడునకు మార్చు 'పద్మ' యను ఉపకరణమును నిర్మించిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. 2006లో వీవెన్‌గారి 'లేఖిని' వచ్చి, కీబోర్డు అభ్యాసము లేనివారికిని తెలుగు వ్రాత సులభము చేసినది. 2011, 2012 ప్రాంతమున సిలికానాంధ్రవారును నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలిసి పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన, తెనాలి రామకృష్ణ మున్నగు పేర్లతో ఉచిత ఫాంట్లను వెలువరించిరి. పెనుకొండను ఏలిన రాయల సీమలో పుట్టిన మనకు ఆ పేర్లు వినుటయే ఒక వేడుక.

ఇచ్చట ఒక విశేషమును మనవి చేయవలెను. అక్షరములన్నియు ఒక్కసారిగా యూనికోడున చేరలేదు. కొన్ని అక్షరములకు ఎవరో ఒకరు పూనుకొని, పాత పుస్తకములను, శాసనములను సాక్ష్యముగా చూపి, అర్జీ పెట్టినమీదటనే గది దొరికినది. దంత్యములగు ౘ, ౙ అక్షరములు 2008లో చేరెను. అదే సంవత్సరమున, పాతకాలపు లెక్కలలో నాలుగింట ఒకవంతు, పదునారింట ఒకవంతు తెలుపుటకు వాడిన భిన్నాంకములును, ధాన్యపు కొలతలలో తూమునకు గుర్తగు చిహ్నమును చేరెను. మన ఊళ్ళ కరణముల కవిలెలను ఎన్నడైన యంత్రమున కెక్కింపదలచినచో ఈ గుర్తులు లేనిదే పని జరుగదు. ప్రాచీన శాసనములందలి ఴకారము 2014లోను, ౚ యను అక్షరము 2015లోను వచ్చెను. రేనాటి శాసనముల కాలపు అక్షరములు రాతినుండి యంత్రములోనికి వచ్చుటకు పదునాలుగు వందల ఏండ్లు పట్టినదన్నమాట. పాత అచ్చు పుస్తకములలో పదాంతమున కనబడు నకారపొల్లునకు 2021లో గది దొరికినది. మన బీరువాలోని పాత ప్రబంధముల అచ్చుప్రతులను తెరచి చూడుడు. ఆ అక్షరము అందు మీకు కనబడును. అడిగినవారు లేనిచో నేటికిని అది యంత్రమునకు తెలియని అక్షరముగానే యుండెడిది.

అక్షరము చేరిన మాత్రమున దానికి మర్యాద దక్కునని చెప్పుటకు వీలులేదు. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక విచిత్రమును వినుడు. ఇంతకు ముందు 'జ్ఞా' యను అక్షరమును గూర్చి చెప్పితిని. ఆ సంఖ్యల వరుసలో కంటికి కానరాని సంకేతమొకటి దీర్ఘమునకు ముందు చేరి వచ్చినప్పుడు, ఆపిల్ కంపెనీవారి ఫోనులును కంప్యూటరులును దానికి రూపము గీయలేక తికమకపడెను. ఆ అక్షరమున్న సందేశము వచ్చినంతనే సందేశముల యాప్ మూతపడెను. తిరిగి తెరవబోయినను తెరచుకొనలేదు. ఆకతాయిలు దీనిని తెలిసికొని, ప్రపంచమందలి పలువురి ఫోనులకు ఆ అక్షరమును పంపి వేడుక చూచిరి. కంపెనీవారు ఆ నెలలోనే సవరణను విడుదల చేసిరి. 'జ్ఞానము' లోని మొదటి అక్షరము, లక్షల రూపాయల జీతములు పుచ్చుకొను పండితులు నిర్మించిన యంత్రమును కూలద్రోసినదని విని మనము నవ్వుకొనవచ్చును. నవ్విన పిమ్మట ఆలోచింపవలెను. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున ఎనిమిది కోట్లకు పైగా జనులకు మాతృభాషయైన తెలుగును ఆ యంత్రమున తగినంతగా పరీక్షించియుండినచో ఈ లోపము ముందే బయటపడెడిది కాదా?

ఈ బాధ మనకొక్కరికే కలదని తలపరాదు. మంగోలియా యను దేశము కలదు. అదియును మనవలె వాన తక్కువైన పీఠభూమి. గోబీ ఎడారి అక్కడిదే. ఆ దేశమున జనసంఖ్య ముప్పదియైదు లక్షల ప్రాంతము. చంగిజ్ ఖాను కాలమున, పదుమూడవ శతాబ్ది ఆరంభమున, ఉయిగురుల లిపినుండి వారు తమ లిపిని గ్రహించిరి. అది పైనుండి క్రిందికి నిలువుగా వ్రాయు లిపి; నిలువు వరుసలు ఎడమనుండి కుడికి సాగును. 1940 దశకమున రష్యావారి సిరిలిక్ లిపిని ఆ దేశము స్వీకరించుటతో పాత లిపి వాడుక తగ్గెను. చైనా ఏలుబడిలోని లోపలి మంగోలియాలో మాత్రము అది నిలిచినది.

1999లో ఆ లిపికి యూనికోడున చోటు లభించినది. చోటు లభించిన పిదపనే అసలు చిక్కులు బయలుపడినవి. ఆ లిపిలో ఒకే అక్షరము మాట మొదట ఒక రూపమున, నడుమ ఒక రూపమున, చివర ఒక రూపమున నుండును. మరికొన్ని చోట్ల వేరువేరు అక్షరములు చూచుటకు ఒక్కటిగానే యుండును. వ్రాయువాడు కంటికి సరిపోయిన మీటను నొక్కును. కాగితముపై మాట ఒప్పుగానే కనబడును. లోపలి సంఖ్యలు మాత్రము తప్పుగా నుండును. వెదకినచో దొరకదు. ఇంతేగాక, కంప్యూటరులు అడ్డవరుసలకై నిర్మింపబడినవి గనుక నిలువు వ్రాతకు అనేక ప్రోగ్రాములలో తగిన ఏర్పాటు లేకపోయినది. అయినను వారు వెనుదీయలేదు. 2015లో చట్టము చేసికొని, 2025 నుండి ప్రభుత్వ పత్రములు సిరిలిక్ లిపిలోను తమ పాత లిపిలోను కూడ నుండవలెనని నిర్ణయించుకొనిరి. మన జనసంఖ్యలో ఇరువదవ వంతైన లేనివారు తమ లిపికై ఇంత పట్టుదల వహించుచుండగా మనము ఉదాసీనులమై యుండుట తగునా?

ఇక మనకు నేడు మిగిలియున్న కొరతలేవో చూతము. మొదటిది, సందేశముల సంగతి. ఫోనున పంపు సామాన్య సందేశమొకటి ఇంగ్లీషున నైనచో 160 అక్షరములు పట్టును. అదే తెలుగున వ్రాసినచో 70 మాత్రమే పట్టును. ఆ 70లో గుణింతపు గుర్తులు, పొల్లులు అన్నియు వేరువేరుగా లెక్కకు వచ్చును. 'జ్ఞానము' అను మూడక్షరముల మాట 7గా లెక్కింపబడును, 'వేరుశనగ'కును ఏడే. పిడుగులు పడునని, వాన కురియునని, పురుగుమందు ఎప్పుడు చల్లవలెనని రైతునకు తెలుగున చెప్పబూనినవారు ఒక సందేశమునకు బదులు రెండు మూడు పంపవలసి వచ్చును. ఇది ఎవరి కుట్రయు కాదు. ఇంగ్లీషునకై కొలిచిన సంచిలో తెలుగును నింపుటవలన కలిగిన ఇరుకు. ఇంటర్నెట్టు ద్వారా నడచు సందేశములకు ఈ ఇరుకు లేదు. కాని ఇంటర్నెట్టు అందని పొలములు మన చుట్టును ఇంకను కలవు.

రెండవది, వెదకుటలోని చిక్కు. మన గ్రంథాలయమున ఎఱ్ఱన హరివంశము కలదనుకొందము. పట్టికలో దానిని ఒకరు బండి ఱకారముతో వ్రాసిరి. చదువరి సామాన్య రకారముతో 'ఎర్రన' అని వెదకినాడు. 3120 వేరు, 3121 వేరు; యంత్రము "లేదు" అని చెప్పును. పుస్తకము బీరువాలో కూర్చుండియే యుండును. 'పుస్తకము' అని ఒకరు, 'పుస్తకం' అని ఒకరు వ్రాసినను ఇదే గతి. ఇంతకు ముందు చెప్పిన మంగోలియా చిక్కే మరియొక వేషమున మన ఇంటికి వచ్చినది. పుస్తకమునకు కలుగు నష్టము స్వల్పమే. భూమి పత్రములోను, పింఛను జాబితాలోను రైతు పేరు రెండు విధముల వ్రాయబడినచో అతడు కచేరీ చుట్టు ఎన్నిమారులు తిరుగవలెనో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవది, అన్నిటికంటె లోతైనది, మన మాటల సంగతి. నేటి ఫోనులు మనము రెండక్షరములు వ్రాయగానే తక్కిన మాటను తామే సూచించును. 2017 నుండి నోటితో తెలుగున చెప్పినదానిని వ్రాతలోనికి మార్చు సౌకర్యమును గూగుల్ వారు కల్పించిరి. ఈ యంత్రములకు భాష ఎక్కడినుండి అబ్బినది? జనులు యంత్రమున వ్రాసిన వ్రాతను చూచి నేర్చినవి. వార్తాపత్రికలలోని తెలుగు, నగరములవారి తెలుగు అందు మెండుగా గలదు. మడక, గుంటక, గొర్రు, బుడ్డలు, ఊరిబిండి మొదలగు మన మాటలు అందు ఏపాటి? వ్రాయబడని మాట యంత్రమునకు మాటయే కాదు. మన బిడ్డ ఆ మాట వ్రాసినచో దానిని తప్పని యెంచి క్రింద ఎఱ్ఱగీత గీయును. లేదా మరియొక మాటను తెచ్చి అతికించును. దినమునకు పదిమారులు ఆ గీతను చూచిన పిల్లవాడు కొంత కాలమునకు తన తల్లి మాటయే తప్పని నమ్మును. విద్వాన్ విశ్వముగారు 1956లో 'పెన్నేటి పాట' వెలువరించి ఈ సీమ కరవును కావ్యవస్తువు గావించిరి. మన మాటకు అంతటి గౌరవము కావ్యములో దక్కగా, యంత్రములో మాత్రము అది అపరాధి కావలెనా?

ఇందుకు మందు మనచేతిలోనే కలదు. గ్రంథాలయమువారి ముందు నాలుగు పనులను మనవి చేయుచున్నాను. వీనికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక కంప్యూటరును, కొందరి ఓపికయు చాలును.

మొదటి పని, గోడమీది ఆ చిరిగిన పట్టికను, దానితోపాటు నేటి పుస్తకములన్నిటి పట్టికను యూనికోడున మరల వ్రాయుట. గ్రంథకర్తల పేర్లకు రెండు వర్ణక్రమములున్నచో రెండును చేర్చుట. బ్రౌను దొర వ్రాయసకాండ్రు చేసిన పనియే ఇది. గంటమునకు బదులు మీటలు వచ్చినవి, అంతే.

రెండవ పని, ఊరి మాటలను సేకరించుట. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక్కొక్క వీథిని పంచుకొని, సేద్యపు పనిముట్ల పేర్లు, పంటల పేర్లు, నేలల పేర్లు, వంటల పేర్లు, కార్తెలను గూర్చి పెద్దలు చెప్పు మాటలు అర్థముతో సహా వ్రాసి తేవలెను. వానిని గ్రంథాలయమున టైపు చేసి, ఎవరైనను చదువుకొనునట్లు ఇంటర్నెట్టున నుంచవలెను. ఆ పల్లె మాటలు అట్లు బహిరంగమున నిలిచిననాడు యంత్రములు నేర్చుకొనుటకును, పండితులు పరిశీలించుటకును వీలగును.

మూడవ పని, పాత కాగితముల రక్షణ. పుస్తకమును ఫోటో తీసి దాచినచో అది బొమ్మ మాత్రమే. అందలి మాటను యంత్రము వెదకలేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను పథకము క్రింద వేలకొలది తెలుగు పుస్తకములు బొమ్మలుగానే ఎక్కింపబడినవి. బొమ్మలోని అక్షరమును గుర్తించి వ్రాతగా మార్చు సాఫ్ట్‌వేరు ఇప్పుడు తెలుగునకును వచ్చినది. కాని అది వత్తులయొద్ద, మాసిన అచ్చుయొద్ద పొరబడుచుండును. ఆ పొరపాట్లను దిద్దుటకు చదువుకొన్న కన్ను కావలెను. తెలుగు వికీసోర్సులో ఆ పనిని పలువురు ఉచితముగా చేయుచున్నారు. సాయంకాలమున ఇచ్చటికి వచ్చు చందాదారులు దినమునకు ఒక్క పుట దిద్దినను సంవత్సరమునకు ఒక మంచి గ్రంథమగును. ఊరిలో ఎవరి యింటనైన కరణముల లెక్కల పుస్తకములున్నచో, తూము గుర్తుతో సహా వానిని ఉన్నదున్నట్లుగా ఎత్తి వ్రాయవలెను.

నాలుగవ పని, నేర్పుట. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాయు అలవాటు యువకులలో మిక్కుటముగా నున్నది. వారిని నిందింపను. ఫోనులలో తెలుగు లేని దినములలో ఏర్పడిన అలవాటది. ఏరు దాటుటకు తెప్ప కావలెను. దాటిన పిదప తెప్పను నెత్తిన మోయనక్కరలేదు. మన అక్షరమాల వరుసను అనుసరించి 1986లో ప్రభుత్వమువారు రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అను కీబోర్డు అమరిక కలదు. అచ్చులు, గుణింతములు ఎడమచేతికి, హల్లులు ముఖ్యముగా కుడిచేతికి వచ్చునట్లు దానిని కూర్చిరి. అక్షరములు వచ్చిన ఎవరికైనను కొలది వారములలో అది పట్టుబడును. వేసవి సెలవులలో గ్రంథాలయమువారు దానిని పిల్లలకును, కోరిన పెద్దలకును నేర్పవలెనని నా ప్రార్థన. నోటితో చెప్పి వ్రాయించు సౌకర్యమును చదువురాని అవ్వలకు, తాతలకు చూపినచో, వారి కథలును వ్రాతకెక్కును.

మహాజనులారా! గదులు కేటాయించుట దూరదేశములోని సభలవారి పని. రూపములు గీయుట ఇంజనీరుల పని. ఆ రెండును చాలమట్టుకు జరిగినవి. గదులలో కాపురముండుట మాత్రము మన పని. చెరువు కట్టించినది రాజులైనను, ఏటేట పూడిక తీయవలసినది ఊరివారే. పూడిక తీయని చెరువున వాన కురిసినను నీరు నిలువదు.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నడిపిన కార్యవర్గమువారికిని, ఎండలో నడచివచ్చి పుస్తకము తీసికొనిపోయిన చదువరులకును నా అభినందనములు. రేపు ఉదయము మన పట్టికలోని మొదటి పుస్తకము పేరును యూనికోడున వ్రాయుటతో పని మొదలుపెట్టుదురని ఆశించుచున్నాను.